ఫ్యూజు పోయిందా... మంచిదే!

కరెంటు పోగానే మనం మొదట తిట్టుకునేది ఫ్యూజునే. కానీ గోడలోని వైర్లు మండకుండా, ఇల్లు అంటుకోకుండా తాను కాలిపోయేదీ అదే. ఆ సన్నటి తీగను ఎంచుకోవడానికి ఓ చిన్న లెక్క ఉంది. ఏడో తరగతి పిల్లాడు కూడా చేసేయగల లెక్క!

ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. ఎవరో ఒకరు కిటికీ దగ్గరకెళ్లి తొంగిచూస్తారు. పక్కింట్లోనూ చీకటే అయితే 'అమ్మయ్య, అందరికీ పోయింది' అనుకుని విసనకర్ర అందుకుంటారు. అక్కడ ఫ్యాను తిరుగుతోందంటే మాత్రం పోయింది మన ఫ్యూజే.

ఇక ఇంటాయన స్టూలెక్కుతాడు. పిల్లాడు సెల్‌ఫోన్‌ వెలుగు చూపిస్తుంటాడు. పింగాణీ ఫ్యూజు లాగి చూస్తే తీగ కాలి నల్లగా మాడిపోయి ఉంటుంది. కొత్త ఫ్యూజు వైరు ఇంట్లో ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. అటకమీద ఓ పాత వైరు ముక్క దొరుకుతుంది. దాన్ని ఒలిచి రాగి పోగులు తీస్తాడు. ఒకటి వేస్తే మళ్లీ పోతుందేమో, ఎందుకైనా మంచిదని నాలుగు పోగులు కలిపి మెలేసి బిగిస్తాడు. లైట్లు వెలుగుతాయి. ఆ తర్వాత ఆ ఫ్యూజు నిజంగానే ఎప్పుడూ పోదు.

ప్రమాదమంతా అక్కడే ఉంది. పోవాల్సిన సమయంలోనూ అది పోదు!

తాను కాలి... ఇల్లు నిలిపి

తీగలో కరెంటు ప్రవహిస్తే వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలైతే వేడి తొమ్మిదింతలు. గోడల్లో గొట్టాల్లోంచి వెళ్లే వైర్లలో పరిమితికి మించి కరెంటు పారితే పైనున్న ప్లాస్టిక్‌ తొడుగు మెత్తబడుతుంది, కరుగుతుంది, చివరికి అంటుకుంటుంది. ఇళ్లలో వాడే మామూలు పీవీసీ తొడుగు తట్టుకోగలిగేది 70 డిగ్రీల సెల్సియస్‌ వరకే.

అందుకే ఆ దారిలో కావాలనే ఒకచోట బలహీనమైన లింకు పెడతారు. అదే ఫ్యూజు. మొత్తం వైరింగులో అన్నింటికన్నా ముందు వేడెక్కి కరిగిపోయేది ఇదే కావాలి. అది తెగగానే కరెంటు ఆగుతుంది, మిగతా వైరు బతికిపోతుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. పిడుగుల నుంచి టెలిగ్రాఫ్‌ కేంద్రాలను కాపాడటానికి సన్నటి తీగ వాడమని ఫ్రాన్స్‌కు చెందిన లూయీ బ్రెగే 1847లోనే చెప్పాడు. ఇళ్లకు కరెంటు దీపాలు వచ్చాక థామస్‌ ఆల్వా ఎడిసన్‌ 1890లో ఫ్యూజు దిమ్మెకు పేటెంటు తీసుకున్నాడు. ఇన్నేళ్లలో ఫ్యూజు రూపం మారిందేగానీ సూత్రం అదే.

కాబట్టి ఫ్యూజు పోవడం రోగం కాదు, రోగం ఉందని చెప్పే జ్వరం లాంటిది. జ్వరమానిని విరగ్గొడితే జ్వరం తగ్గదు కదా!

వాట్లను 230తో భాగించండి

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. ప్రతి వస్తువు వెనకాలా అది ఎన్ని వాట్లదో రాసి ఉంటుంది. ఆ వాట్లను 230తో భాగిస్తే అది ఎన్ని ఆంపియర్ల కరెంటు తీసుకుంటుందో తెలిసిపోతుంది. లెక్కంతా ఇంతే.

* వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె: 4.3 ఆంపియర్లు
* 750 వాట్ల మిక్సీ: 3.3 ఆంపియర్లు
* 1500 వాట్ల వాటర్‌ హీటర్‌ రాడ్‌: 6.5 ఆంపియర్లు
* 2000 వాట్ల గీజరు లేదా ఇండక్షన్‌ స్టవ్‌: 8.7 ఆంపియర్లు
* 3000 వాట్ల ఇన్‌స్టంట్‌ గీజరు: 13 ఆంపియర్లు

అదే లైట్లు, ఫ్యాన్ల సంగతి చూడండి. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఆరు, 75 వాట్ల ఫ్యాన్లు నాలుగు, వంద వాట్ల టీవీ ఒకటి... అన్నీ ఒకేసారి వేసినా 454 వాట్లే. అంటే రెండు ఆంపియర్లు. లైట్ల లైనుకు 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు అనేది అందుకే.

లెక్కలో వచ్చిన అంకెకు సరిగ్గా పైనున్న సైజు ఎంచుకోవాలి. 8.7 వచ్చిందా, 10 ఆంపియర్ల ఫ్యూజు. 13 వచ్చిందా, 15 ఆంపియర్లది. 'ఎలాగూ కొంటున్నాం, పెద్దదే కొందాం' అనే సూత్రం బియ్యం డబ్బాకు పనికొస్తుందేమోగానీ ఫ్యూజుకు పనికిరాదు.

తీగ మందమే కొలమానం

తగరం పూత పూసిన రాగి తీగను ఫ్యూజు వైరుగా వాడతారు. దాని మందాన్ని బట్టి ఆంపియర్లు మారతాయి.

* 5 ఆంపియర్లకు 0.2 మిల్లీమీటర్లు (సుమారు 35 గేజి)
* 10 ఆంపియర్లకు 0.35 మిల్లీమీటర్లు (సుమారు 29 గేజి)
* 15 ఆంపియర్లకు 0.5 మిల్లీమీటర్లు (సుమారు 25 గేజి)
* 20 ఆంపియర్లకు 0.6 మిల్లీమీటర్లు (సుమారు 23 గేజి)

గేజి నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోవాలి. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. 5 ఆంపియర్ల తీగంటే మూడు తలవెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత మందం. అంత సన్నటి తీగను చూసి నమ్మకం కుదరకే చాలామంది లావుపాటిది వేస్తుంటారు.

ఇంకో సంగతి. 5 ఆంపియర్ల ఫ్యూజు తీగ 5 దాటగానే తెగిపోదు. చేత్తో తీగ చుట్టే ఫ్యూజుల్లో అది కరగడానికి దాదాపు రెట్టింపు కరెంటు కావాలి. అంటే ఆ ఏర్పాటులోనే మనకు కొంత వెసులుబాటు ఉంది. దానిపైన మళ్లీ మనం 'ఎందుకైనా మంచిదని' లావు తీగ వేయాల్సిన పనే లేదు.

గోడలో ఉన్నదెవరు?

ఫ్యూజు ఎవరికోసం? మిక్సీ కోసమా, గీజరు కోసమా? చాలామంది వస్తువును కాపాడటానికే అనుకుంటారు. నిజానికి మీటరు బోర్డులోని ఫ్యూజు మొదట కాపాడేది గోడలోని వైరును. అందుకే ఫ్యూజు సైజు చెప్పాల్సింది వస్తువు ఒక్కటే కాదు, వైరు కూడా.

ఇళ్లలో వాడే రాగి వైర్లను చదరపు మిల్లీమీటర్లలో కొలుస్తారు. గొట్టంలోంచి వెళ్లే 1 చదరపు మిల్లీమీటరు వైరు సుమారు 11-12 ఆంపియర్లు, 1.5ది 14-15 ఆంపియర్లు, 2.5ది 20 ఆంపియర్ల దాకా, 4ది 26-27 ఆంపియర్ల దాకా మోయగలవు. ఎండలకు గోడ కాలిపోతున్నా, ఒకే గొట్టంలో నాలుగైదు వైర్లు కుక్కినా ఆ శక్తి ఇంకా తగ్గుతుంది. పాత ఇళ్లలో అల్యూమినియం వైరు ఉంటే అదే మందానికి మోసే బరువు మరింత తక్కువ.

గుర్తుంచుకోవాల్సిన వరస ఒకటే: వస్తువు తీసుకునే కరెంటుకన్నా ఫ్యూజు పెద్దది, ఫ్యూజుకన్నా వైరు పెద్దది. ఈ వరస తప్పితే ఫ్యూజు ఉన్నా లేనట్టే.

నాలుగు పోగులు... ఎంత నష్టం?

ఇప్పుడు ఆ అటకమీది వైరు సంగతి చూద్దాం. 1 చదరపు మిల్లీమీటరు వైరులో సాధారణంగా 14 పోగులుంటాయి. ఒక్కో పోగు 0.3 మిల్లీమీటర్ల మందం. పైన చెప్పిన కొలతల ప్రకారం ఆ ఒక్క పోగే సుమారు 8 ఆంపియర్ల ఫ్యూజుతో సమానం. నాలుగు పోగులు మెలేస్తే 30 ఆంపియర్లు దాటుతుంది. అది కరగాలంటే దాదాపు రెట్టింపు కావాలి కదా... అంటే 60 ఆంపియర్ల దాకా ఆ ఫ్యూజు కదలదు, మెదలదు.

గోడలో ఉన్న వైరు మోయగలిగేదేమో 12 ఆంపియర్లు!

లైట్ల లైను మీదున్న ప్లగ్గుకే ఎక్స్‌టెన్షన్‌ బోర్డు తగిలించి, దానికి ఇస్త్రీపెట్టె, రాడ్డు, ఇండక్షన్‌ స్టవ్‌ పెట్టారనుకుందాం. మొత్తం 4,500 వాట్లు. దాదాపు 20 ఆంపియర్లు. సరైన 5 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే వెంటనే తెగి గొడవ వదిలేది. నాలుగు పోగుల ఫ్యూజుకు మాత్రం ఇది లెక్కలోకే రాదు. వేడంతా గోడలో, స్విచ్‌బోర్డు వెనకాల, సీలింగు పైన పేరుకుంటూ పోతుంది. కాలుతున్న ప్లాస్టిక్‌ వాసన వచ్చేసరికే ఆలస్యమైపోవచ్చు. అదీ అందరూ నిద్రలో ఉన్నప్పుడైతే...

'షార్ట్‌సర్క్యూట్‌తో ఇల్లు దగ్ధం' అని పేపర్లో చదువుతుంటాం. షార్ట్‌సర్క్యూట్‌ ఎక్కడైనా కావచ్చు. అది మంటగా మారకుండా ఆపాల్సిన కాపలాదారుకు మనమే మత్తుమందు పెట్టకూడదు.

మోటారు మొదటి గుక్క

ఫ్రిజ్‌, ఏసీ, నీళ్ల మోటారు... వీటి తీరు వేరు. స్విచ్‌ వేసిన మొదటి క్షణాల్లో మోటారు మామూలుకన్నా ఐదారు రెట్లు ఎక్కువ కరెంటు గుంజుతుంది. తిరగడం మొదలయ్యాక తగ్గిపోతుంది. సైకిలు తొక్కేటప్పుడు మొదటి తొక్కుడుకే బలమంతా కావాలి కదా, అలాగన్నమాట. అందుకే నీళ్ల మోటారుకు లెక్కలో మూడు నాలుగు ఆంపియర్లే వచ్చినా 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాల్సి వస్తుంది. ఇన్వర్టర్‌ ఏసీలు మాత్రం నెమ్మదిగా వేగం అందుకుంటాయి కాబట్టి అంత జోరుగా గుంజవు. టన్నున్నర ఏసీకి నడుస్తున్నప్పుడు అయ్యేది ఏడెనిమిది ఆంపియర్లే. అయినా దానికి విడిగా లైను, ఆ కంపెనీ పుస్తకంలో రాసిన సైజు బ్రేకరు ఉండాల్సిందే.

మోటారు ఇరుక్కుపోయి తిరగకుండా ఉంటే ఆ మొదటి గుక్క ఆగకుండా సాగుతూనే ఉంటుంది. నీళ్ల మోటారు వేయగానే ప్రతిసారీ ఫ్యూజు పోతోందంటే తీగ లావు చేయకండి, మోటారును చూపించండి.

గాజు గొట్టం ఫ్యూజు

స్టెబిలైజర్లు, యూపీఎస్‌లు, కొన్ని టీవీల్లో చిటికెన వేలి గోరంత వెడల్పు కూడా లేని గాజు గొట్టం ఉంటుంది. రెండు సెంటీమీటర్ల పొడవు, రెండు చివర్లా లోహపు టోపీలు. ఇది వైరును కాదు, ఆ వస్తువును కాపాడే ఫ్యూజు. టోపీ మీద ఆంపియర్లు, వోల్టులతోపాటు ఒక ఇంగ్లిషు అక్షరం చెక్కి ఉంటుంది. 'ఎఫ్‌' అంటే ఠక్కున తెగేది. 'టి' అంటే ఆరంభంలో వచ్చే పోటును కాస్త ఓర్చుకుని తెగేది. పోయినదాని మీద ఏముందో అచ్చం అదే కొనాలి. 'టి' స్థానంలో 'ఎఫ్‌' పెడితే స్విచ్‌ వేసినప్పుడల్లా పోతుంది.

సిగరెట్‌ పెట్టెలోని వెండి కాగితం చుట్టి గాజు ఫ్యూజును 'బాగుచేసే' ప్రతిభావంతులు మనలో చాలామందే ఉన్నారు. పది రూపాయల ఫ్యూజును మిగుల్చుకోబోయి వేల రూపాయల వస్తువును కాల్చుకోవడమే అది.

తీగ పోయి మీట వచ్చె

కొత్త ఇళ్లలో పింగాణీ ఫ్యూజులు దాదాపు కనుమరుగయ్యాయి. వాటి చోటు ఎంసీబీలది. లోపల రెండు ఏర్పాట్లుంటాయి. రెండు లోహాలు కలిపిన పట్టీ ఒకటి, ఎక్కువసేపు లోడు పడితే వేడెక్కి వంగి మీటను దించేస్తుంది. విద్యుదయస్కాంతం ఒకటి, షార్ట్‌సర్క్యూట్‌ కాగానే రెప్పపాటులో లాగేస్తుంది. జర్మనీ ఇంజినీరు హ్యూగో స్టాట్జ్‌ పేరుతో 1924 నాటి పేటెంటులో ఉన్నది ఈ రకం ఏర్పాటే.

చేత్తో చుట్టే ఫ్యూజుకన్నా ఇది ఎంతో కచ్చితం. 16 ఆంపియర్ల ఎంసీబీలో 23 ఆంపియర్ల కరెంటు కొనసాగితే గంటలోపే తెగాలన్నది ప్రమాణం. పైగా తీగ మార్చే పని లేదు, లావు తీగ వేసే అవకాశం లేదు.

ఎంసీబీ మీద 'బి' లేదా 'సి' అక్షరం, పక్కన అంకె ఉంటాయి. బి6, సి16... ఇలా. అంకె ఆంపియర్లు. 'బి' రకం తన సైజుకు మూడు నుంచి ఐదు రెట్లు కరెంటు వస్తే తక్షణం తెగుతుంది. 'సి' రకం ఐదు నుంచి పది రెట్ల మధ్య. లైట్లకు, గీజరుకు 'బి' సరిపోతుంది. మోటార్లకు, ఏసీకి 'సి' కావాలి. కింద చిన్న చదరంలో 6000 లేదా 10000 అని ఉంటుంది. షార్ట్‌సర్క్యూట్‌లో ఎన్ని ఆంపియర్ల దాకా తాను చెదరకుండా తెంచగలదో చెప్పే అంకె అది. ఐఎస్‌ఐ గుర్తుతోపాటు అదీ చూసుకోవాలి.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని ఎలక్ట్రీషియన్‌తో 16 తీయించి 32 పెట్టించడం నాలుగు పోగులు మెలేయడం లాంటిదే. వస్తువు కొత్తదేగానీ తప్పు పాతదే!

ఊరు మారితే లెక్క మారుతుంది

బ్రిటన్‌లోనో దుబాయ్‌లోనో ఉండే పిల్లల దగ్గరకెళ్లినవాళ్లు అక్కడి లావుపాటి మూడు పలకల ప్లగ్గు చూసే ఉంటారు. దాని కడుపులోనే ఓ ఫ్యూజుంటుంది. బ్రిటన్‌లో గదులన్నీ చుట్టివచ్చే ఒకే లైనుకు బోలెడు ప్లగ్గులు పెడతారు, దానికి 32 ఆంపియర్ల బ్రేకరుంటుంది. టేబుల్‌ లైటు సన్నటి వైరును అది కాపాడలేదు కాబట్టి ఏ ప్లగ్గుకు ఆ ఫ్యూజు. సుమారు 700 వాట్ల దాకా ఎర్రటి 3 ఆంపియర్లది, కెటిల్‌, హీటర్‌ లాంటివాటికి గోధుమ రంగు 13 ఆంపియర్లది. అక్కడ ప్లగ్గు మార్చేటప్పుడు ఈ సంగతి తెలిసుండాలి.

మన ప్లగ్గుల్లో ఫ్యూజు ఉండదు. అందుకు బదులు చిన్న పిన్నుల 6 ఆంపియర్ల సాకెట్‌, పెద్ద పిన్నుల 16 ఆంపియర్ల పవర్‌ సాకెట్‌ అని రెండు రకాలు పెట్టుకున్నాం. పెద్ద ప్లగ్గును అడాప్టర్‌తో చిన్న సాకెట్‌లోకి దూర్చడమంటే ఆ ఏర్పాటునే వమ్ము చేయడం. ఇక అమెరికాలో 120 వోల్టులే. అదే 1500 వాట్లకు అక్కడ 12.5 ఆంపియర్లు కావాలి.

మనిషిని కాపాడేది వేరే!

ఫ్యూజు ఉంది కదా, షాక్‌ కొట్టదులే అనుకోవడం పెద్ద అపోహ. ఒక ఆంపియరులో పదోవంతు కరెంటు గుండె మీదుగా పోతే మనిషి ప్రాణం పోవచ్చు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు అది చీమ కుట్టినట్టు కూడా అనిపించదు. ప్రాణం కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని అది చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే చాలు, క్షణంలో తెంచేస్తుంది. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లదే తీసుకోవాలి. దాని మీదుండే 'టి' మీటను మూడు నెలలకోసారైనా నొక్కిచూడాలి. పడిపోతే పనిచేస్తున్నట్టు. దీనికితోడు సరైన ఎర్తింగ్‌ ఉండాల్సిందే.

అలాగే ఫ్యూజు ఎప్పుడూ ఫేజు తీగలోనే ఉండాలి. కొన్ని పాత ఇళ్లలో న్యూట్రల్‌కీ ఫ్యూజుంటుంది. అది పోతే లైట్లు వెలగవు, ఫ్యాను తిరగదు. కరెంటు లేదనుకుని చెయ్యి పెడితే మాత్రం కొడుతుంది! అలాంటిచోట ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కు ఫ్యూజు తీయించి నేరుగా లింకు వేయించుకోవాలి. ఇంకో మాట. వదులైన స్క్రూలు, మాడిన సాకెట్ల దగ్గర పుట్టే వేడిని ఫ్యూజూ కనిపెట్టలేదు, ఎంసీబీ కూడా కనిపెట్టలేదు. స్విచ్‌బోర్డు వేడిగా తగిలినా, నల్లబడినా మనమే గమనించుకోవాలి.

ట్రాన్స్‌ఫార్మర్‌ జోలికి వద్దు

ఇంట్లో ఫ్యూజు వేయడం వచ్చినవాళ్లకు వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌ కూడా అలాగే కనిపిస్తుంది. పల్లెల్లో పంట ఎండిపోతోందన్న ఆత్రంలో లైన్‌మన్‌ వచ్చేదాకా ఆగలేక ఫ్యూజు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల వార్తలు తెలుగు పేపర్లకు కొత్త కాదు. పైన ఉండేది 11 వేల వోల్టులు. ఏబీ స్విచ్‌ దించినా మూడు బ్లేడ్లలో ఒకటి విడిపోకుండా అతుక్కుని ఉండిపోవచ్చు. కింద నిలబడి చూసేవాళ్లకు అది తెలియదు. ఎంత అనుభవం ఉన్నా అది మన పని కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1912కు ఫోన్‌ చేసి చెప్పొచ్చు. ఒక తడి ఆలస్యమైతే పైరు తేరుకోవచ్చు. మనిషి తిరిగి రాడు.

ఫ్యూజు వేసే ముందు...

* ముందు మెయిన్‌ స్విచ్‌ ఆపండి. ఆ తర్వాతే ఫ్యూజు లాగండి.
* చేతులు, నేల పొడిగా ఉండాలి. కాళ్లకు రబ్బరు చెప్పులుండాలి. చెక్క స్టూలైతే మంచిది.
* ఫ్యూజు ఎందుకు పోయిందో ఆలోచించండి. అప్పుడే వేసిన వస్తువేమిటి? దాని ప్లగ్గు తీసేయండి.
* పాత తీగ ముక్కలు, మసి పూర్తిగా తుడవండి. పింగాణీ పగిలి ఉంటే కొత్తది మార్చండి.
* తీగను స్క్రూ తిరిగే దిశలోనే చుట్టి బిగించండి. మరీ లాగి బిగిస్తే సాగి సన్నబడి ఊరికే తెగుతుంది.
* సరైన సైజు తీగ ఒక్కటే పోగు. రెండోది వద్దు.
* పెట్టగానే మళ్లీ పోయిందంటే ఇక ప్రయత్నించకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.
* 5, 10, 15 ఆంపియర్ల తీగలు తలా కొంచెం ఓ కవరులో పెట్టి, ఏది ఏదో రాసి మీటరు బోర్డు పక్కనే తగిలించండి. వాటి ఖరీదు తక్కువే. అవసరానికి చేతికందితే అటకమీది వైరు జోలికి వెళ్లాల్సిన పనే ఉండదు.